రత్నానికి ఏం చేశారు? వెలుతురు చెప్పే సాక్ష్యం

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ వారం రత్నాల గురించి ముచ్చటించుకుందాం. ఏ నక్షత్రం వారు ఏ రాయి పెట్టుకోవాలన్న సంగతి కాదులెండి, అది చెప్పడానికి వేరే పెద్దలున్నారు. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. ఎమ్మెస్‌లో ఇమేజ్ ప్రాసెసింగ్ చదువుకున్నాను. ఒక వస్తువును రకరకాల వెలుతురుల్లో చూస్తే అది తన గతాన్ని ఎలా బయటపెడుతుందో ఆ చదువులోనే కొంత తెలిసింది. ఆ ఆసక్తే రత్నపరీక్ష వైపు లాక్కెళ్ళింది.

మన ఇళ్ళల్లో రాళ్ళు కొనే సందర్భాలు మీకు తెలియనివి కావు. అమ్మాయి పెళ్ళికి కెంపుల నెక్లెసు, జాతకం చూపించాక కనకపుష్యరాగం ఉంగరం, ఇండియా వెళ్ళినప్పుడు జైపూరు పచ్చల సెట్టు, దుబాయ్ మీదుగా వచ్చేటప్పుడు రవ్వల దుద్దులు. కొనేటప్పుడు అందరం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది ఒరిజినలేనా?" కొట్టులో ఆయన "ఒరిజినలేనండీ, గనిలోంచి తీసిందే" అంటాడు. చాలాసార్లు ఆయన చెప్పేది నిజమే. కానీ ఆ నిజం సగమే. గనిలోంచి తీశాక దానికి ఏం చేశారు అన్నది మిగిలిన సగం. ధర, మన్నిక, నగను శుభ్రం చేసే పద్ధతి, మళ్ళీ అమ్మితే వచ్చే డబ్బు, ఇవన్నీ ఆ రెండో సగం మీదే ఆధారపడి ఉంటాయి.

ముందు మూడు మాటలు విడదీసుకుందాం. గాజుముక్కను చూపించి కెంపు అంటే అది నకిలీ. ప్రయోగశాలలో పెంచిన కెంపు సింథటిక్, దాని రసాయన స్వభావం అసలు కెంపుదే, పుట్టిన చోటే వేరు. మూడోది గనిలో దొరికిన రాయినే తీసుకుని వేడిచేసి, నూనె పట్టించి, గాజు నింపి, రంగు ఎక్కించి అందంగా చేసినది. దీన్నే ట్రీటెడ్ రాయి అంటారు. మన చర్చ ముఖ్యంగా ఈ మూడోదాని గురించి.

ట్రీట్‌మెంట్ అనగానే మోసం అనుకోవద్దు. కెంపుల్ని కాల్చి రంగు బాగుచేయడం గురించి పదకొండో శతాబ్దంలోనే అల్ బిరూనీ రాశాడు. మన పాత నగల్లో రాయి వెనక తళతళలాడే రేకు పెట్టి మూసేయడం కూడా ఒక రకమైన అలంకారమే కదా. ఇవాళ బజారులో ఉన్న కెంపుల్లో, నీలాల్లో చాలా భాగం వేడిచేసినవే. పచ్చల్లో చాలా వాటికి నూనె పట్టించే ఉంటారు. చెప్పి అమ్మితే అది వ్యాపారం. చెప్పకుండా, ఏమీ చేయని రాయి ధరకు అమ్మితేనే అన్యాయం.

మరి ఈ పనుల్ని ఎలా కనిపెడతారు? రాయిని పగలగొట్టి చూడలేం. ఆమ్లంలో వేసి చూడలేం. రాయికి హాని లేకుండా దానిలోకి వెళ్ళి బయటికి రాగలిగింది ఒక్క వెలుతురే. అందుకే రత్నపరీక్ష అంటే చాలావరకు వెలుతురుతో చేసే పరీక్షే.

దీని వెనక ఉన్న సూత్రం మన వంటింట్లోనే ఉంది. వేడి పకోడీలు న్యూస్ పేపరు మీద వేశారనుకోండి. నూనె పీల్చిన చోట కాగితం కాస్త పారదర్శకంగా అయి, వెనక అచ్చు కూడా కనిపిస్తుంది. ఎందుకని? కాగితం నిండా సన్నటి పీచు, పీచు మధ్య గాలి. వెలుతురు గాలిలోంచి పీచులోకి, పీచులోంచి గాలిలోకి మారే ప్రతిచోటా వంగి, చెదిరిపోతుంది. అందుకే కాగితం తెల్లగా కనిపిస్తుంది. నూనె ఆ గాలిని తోసేసి ఖాళీలు నింపుతుంది. నూనెలో వెలుతురు వంగే తీరు పీచులో వంగే తీరుకు దగ్గర. కాబట్టి అది పెద్దగా చెదరకుండా నేరుగా వెళ్ళిపోతుంది.

ఈ వంగే తీరుకు ఒక అంకె ఉంది. దాన్ని వక్రీభవన గుణకం అంటారు. గాలికి 1, నీటికి 1.33, మామూలు గాజుకు ఇంచుమించు 1.52, పచ్చకు 1.57–1.58, కెంపుకు 1.76–1.77, వజ్రానికి 2.42. పచ్చలో సహజంగానే సన్నటి పగుళ్ళు ఎక్కువ. పగులులో గాలి ఉంటే 1.58కీ 1కీ మధ్య తేడా పెద్దది కనుక అది తెల్లటి చారలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందులోకి సుమారు 1.51 గుణకం ఉన్న సెడార్ నూనె పంపిస్తే తేడా తగ్గి, చార కంటికి దాదాపు కనబడకుండా పోతుంది. పకోడీ కాగితం కథే ఇక్కడా జరిగింది. పగులు మాత్రం పోలేదు, కనబడటమే మానేసింది.

అయితే పగులును దాచిన పదార్థమే సాక్ష్యం కూడా అవుతుంది. పరీక్ష చేసేవారు మైక్రోస్కోపు కింద రాయికి పక్కల నుంచి వెలుతురు పంపిస్తారు. వెనక నల్లగా ఉంటుంది, రాయి లోపలివి మాత్రం మెరుస్తాయి. దీన్ని డార్క్‌ఫీల్డ్ అంటారు. తలుపు సందులోంచి ఎండ పడితే గదిలో కనబడని దుమ్ము కనిపించినట్టే ఇదీ. ఇలా చూస్తే నూనెలో చిక్కుకున్న గాలిబుడగలు, నూనె ఎండిపోయిన చోట చెట్టుకొమ్మల్లాంటి మరకలు కనిపిస్తాయి. అతినీలలోహిత దీపం కింద పెడితే కొన్ని నూనెలు పసుపు ఛాయతో మెరిసి, ఎక్కడెక్కడ నిండి ఉన్నాయో పటం గీసినట్టు చూపిస్తాయి.

నూనె బదులు ఎపాక్సీ లాంటి జిగురు నింపితే ఇంకో గుర్తు దొరుకుతుంది. పచ్చ, జిగురు రెండూ ఒక రంగు వెలుతురును ఒకేలా వంచినా, అన్ని రంగుల్నీ ఒకేలా వంచలేవు. అందుకని రాయిని అటూ ఇటూ కదిపితే పగులు వెంబడి నారింజ రంగు మెరుపు, మరికాస్త తిప్పితే నీలి మెరుపు కనిపిస్తాయి. దీనికి ఫ్లాష్ ఎఫెక్ట్ అని పేరు. నింపిన వాళ్ళు ఎంత నేర్పరులైనా ఈ మెరుపును పూర్తిగా చెరపడం కష్టం.

ఇప్పుడు కెంపు దగ్గరకు వద్దాం. కెంపు, నీలం, కనకపుష్యరాగం నిజానికి ఒకే ఖనిజం, కోరండం. అల్యూమినియం ఆక్సైడ్‌లో కాస్త క్రోమియం చేరితే కెంపు, ఇనుము టైటానియం చేరితే నీలం. ఏమీ చేయని చాలా రాళ్ళల్లో రూటైల్ అనే ఖనిజం సన్నటి సూదుల్లా, పట్టుదారాలు అడ్డంగా నిలువుగా నేసినట్టు ఉంటుంది. రత్నపరీక్షకులు దాన్ని సిల్క్ అనే పిలుస్తారు. రాయిని 1,600 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాలిస్తే ఆ దారాలు కరిగిపోతాయి, లేదా తెగి, ముగ్గు చుక్కల్లా వరసగా మిగులుతాయి. లోపల ఉన్న చిన్న స్ఫటికాలు వేడికి ఉబ్బి, చుట్టూ గుండ్రటి పగులు పళ్ళెంలా ఏర్పడుతుంది. చెక్కుచెదరని దారాలు కనిపిస్తే ఆ రాయిని ఎక్కువ వేడి తాకలేదని అర్థం. అంటే ఇక్కడ మనం లోపంగా భావించే మరకే మంచి సాక్షి. ఒక్క మచ్చ కూడా లేని పెద్ద కెంపును చౌకగా ఇస్తామంటే సంతోషించడం కాదు, అనుమానించాలి.

వేడిచేయడం శాశ్వతం. దానివల్ల రాయికి తర్వాత ఏ ఇబ్బందీ రాదు. అసలు భయపడాల్సింది సీసపు గాజు నింపిన కెంపుల గురించి. ఇవి 2004 ప్రాంతంలో బజారులోకి వచ్చాయి. పగుళ్ళతో నిండి, నగకు పనికిరాని ముడి కోరండాన్ని తీసుకుని, సీసం బాగా కలిపిన గాజును కరిగించి పగుళ్ళల్లోకి పంపిస్తారు. సీసం కలిస్తే గాజు గుణకం పెరిగి కెంపు దగ్గరకు చేరుతుంది. గులాబీ రంగు గులకరాయిలా ఉన్నది అద్దంలాంటి ఎర్రటి కెంపుగా మారుతుంది. కొన్నిట్లో గాజు ఎంత ఎక్కువంటే, గాజు తీసేస్తే రాయి ముక్కలైపోతుంది. కారెట్ కొద్ది డాలర్లకే దొరికే ఈ సరుకును, కారెట్ వేల డాలర్లు పలికే జాతి కెంపుల పక్కన పెడితే మామూలు కంటికి తేడా తెలియదు.

వెలుతురుకు మాత్రం తెలుస్తుంది. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో, అదే లూప్‌తో, బల్ల దీపం కింద రాయిని నెమ్మదిగా తిప్పితే నీలి మెరుపులు కనిపిస్తాయి. కెంపులో నీలం మెరుపుకు పనేముంది? దానితోపాటు పగులు పొరల్లో నొక్కుకుపోయిన గుండ్రటి గాలిబుడగలు. రాయి పై ముఖం మీద దీపం నీడ పడేట్టు చూస్తే గాజు ఉన్న చోట మెరుగు కాస్త తక్కువగా, సన్నటి గీతల్లా ఉంటుంది. అతినీలలోహిత కాంతిలో కోరండం క్రోమియం వల్ల ఎర్రగా వెలుగుతుంది, గాజు గీతలు మాత్రం నల్లగా ఉండిపోతాయి. ఇన్ని గుర్తులుంటాయి కనుక, వచ్చే చిక్కంతా ఎవరూ చూడకపోవడం వల్లే.

దీనివల్ల జరిగే నష్టం ధరతో ఆగదు. ఉంగరం వదులైందని కంసాలికి ఇస్తాం. అతను మంట తగిలిస్తాడు. జాతి కెంపు ఆ మంటను తట్టుకుంటుంది, గాజు కరిగి బయటికి కారుతుంది. అతుకు వేశాక నగను ఆమ్లంలో ముంచితే గాజు తినుకుపోయి తెల్లటి గీతలు తేలతాయి. ఆఖరికి నిమ్మరసం కూడా దాన్ని తినేస్తుంది. మన ఇళ్ళల్లో నగలు మెరవడానికి నిమ్మకాయ, చింతపండు వాడే అలవాటు ఉంది కదా, ఆ అలవాటు ఇలాంటి రాయికి శత్రువు. నూనె పట్టిన పచ్చకు వేడి నీళ్ళు, అల్ట్రాసోనిక్ క్లీనర్ శత్రువులు. అప్పుడు "కంసాలి పాడుచేశాడు" అని అతన్ని నిందిస్తాం. అతనికి రాయి సంగతి చెప్పినవారు లేరు, మనకూ చెప్పినవారు లేరు. 

ఇక నీలాలు, పుష్యరాగాలు. లేతరంగు నీలం మీద టైటానియం పొడి పూసి కాలిస్తే పైపొరలోకి మాత్రమే నీలం రంగు ఎక్కుతుంది. దీన్ని పట్టుకోవడానికి రాయిని తన గుణకానికి దగ్గరగా ఉన్న ద్రవంలో ముంచి, కింద నుంచి తెల్లటి వెలుతురు పంపి ఫోటో తీస్తారు. ముంచగానే రాయి ఆకారం మాయమై రంగు మాత్రం మిగులుతుంది. సహజంగా పుట్టిన రంగు స్ఫటికం పెరిగిన తీరును బట్టి నిటారు పట్టీలుగా ఉంటుంది. పూసిన రంగు సాన పట్టిన ముఖాల అంచుల వెంబడి గీతలు గీసినట్టు చేరుతుంది. సాన పట్టింది మనిషి. మనిషి చెక్కిన ఆకారాన్ని రంగు అనుసరించిందంటే ఆ రంగు సాన పట్టాక వచ్చిందన్నమాట. దీనికంటే చక్కని తర్కం ఉంటుందా!

అయితే ఇక్కడే బొమ్మ పరిమితి కూడా తెలుస్తుంది. 2002 జనవరిలో అమెరికా రత్న వ్యాపారుల సంఘం ఒక హెచ్చరిక జారీచేసింది. థాయ్‌లాండ్ నుంచి నారింజ, గులాబీ కలిసిన అరుదైన రంగు నీలాలు కుప్పలుగా వస్తున్నాయి, అనుమానంగా ఉందని. తేలిందేమిటంటే, కాల్చేటప్పుడు బెరీలియం అనే తేలికైన మూలకం రాయిలోకి ఇంకుతోంది. టైటానియంలా పైపొరలో ఆగదు, లోతుకు పోతుంది. మొదట్లో ద్రవంలో ముంచితే నారింజ అంచు కనిపించేది. పూర్తిగా లోపలిదాకా ఇంకాక అంచే లేదు. అప్పుడు ఏ కెమెరా పనిచేయదు. లేజర్‌తో కంటికి కనబడనంత చిన్న చుక్క ఆవిరి చేసి అందులో బెరీలియం ఉందో లేదో కొలవాల్సిందే. పసుపు నీలాలకు కూడా ఈ పని చేస్తారు. కనకపుష్యరాగం కొనేవాళ్ళు ఈ బెరీలియం పేరు గుర్తుపెట్టుకోవడం మంచిది.

చివరగా వజ్రం. వజ్రాలకు పుట్టినిల్లు మన కృష్ణ ఒడ్డు. కొల్లూరు గనుల్లో దొరికినవి గోలకొండ బజారులో అమ్ముడై ఆ పేరుతోనే లోకమంతా తిరిగాయి. పేరుపొందిన గోలకొండ వజ్రాల్లో చాలావాటిలో నత్రజని కొలవలేనంత తక్కువ. అలాంటివాటిని టైప్ 2ఎ అంటారు. తమాషా ఏమిటంటే, 1999లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రకటించిన పద్ధతి సరిగ్గా ఈ రకానికే పనిచేస్తుంది. గోధుమ రంగు టైప్ 2ఎ వజ్రాన్ని విపరీతమైన ఒత్తిడిలో, 2,000 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో ఉంచితే రంగు పోయి తెల్లబడుతుంది. దీన్ని మామూలు మైక్రోస్కోపుతో తేల్చి చెప్పలేం. వజ్రాన్ని ద్రవ నత్రజనిలో చల్లబరిచి, లేజర్ వేసి, అది తిరిగి వెదజల్లే వెలుతురును విడదీసి చూస్తారు.

గనిలో దొరికిన వజ్రాన్నీ ప్రయోగశాలలో పెంచినదాన్నీ వేరుచేయడానికి మాత్రం బొమ్మ అద్భుతంగా ఉపయోగపడుతుంది. 1996లో డీబీర్స్ సంస్థ డైమండ్‌వ్యూ అనే పరికరాన్ని పరిచయం చేసింది. ఇది చాలా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కాంతిని వజ్రం మీద వేసి, పైపొర వెలిగే తీరును ఫోటో తీస్తుంది. భూమిలో పెరిగిన వజ్రంలో చాలాసార్లు చెట్టు మొదలు కోస్తే కనిపించే వలయాల్లాంటివి కనిపిస్తాయి. ఒత్తిడితో పెంచినదానిలో సిలువ ఆకారం లాంటి భాగాలు. వాయువు నుంచి పొరలు పొరలుగా పెంచినదానిలో సన్నటి సమాంతర గీతలు. పెరిగిన తీరును రాయి దాచుకోలేదు.

ఈ సందర్భంలో విశాఖపట్నంలో చదువుకున్న ఒక కుర్రాణ్ణి తలుచుకోవాలి. సర్ సి.వి. రామన్. ఆయన తండ్రి అక్కడి కాలేజీలో అధ్యాపకులు, ఆయన బాల్యం అక్కడే గడిచింది. 1928లో ఆయన కనుగొన్న రామన్ ఎఫెక్ట్ ఇవాళ రత్న పరీక్షశాలల్లో రోజువారీ పనిముట్టు. పచ్చ పగులులో ఉన్నది నూనెనా, జిగురా, ఏ రకం జిగురు అని రాయి ముట్టుకోకుండా చెప్పేది అదే. ఆయన తర్వాతి రోజుల్లో వజ్రాల మీద ఎన్నో ఏళ్ళు స్వయంగా పరిశోధించారు కూడా.

ఇప్పుడు నన్ను తరచుగా అడిగే ప్రశ్న. "వాట్సాప్‌లో ఫోటో పంపిస్తాను, జాతి రాయో కాదో చెప్తావా బాబూ?" చెప్పలేనండీ. ఫోనులో ఫోటో తీస్తే రాయి పైన పడిన వెలుతురే ఎక్కువ వస్తుంది. రంగును ఫోను తనకు నచ్చినట్టు దిద్దేస్తుంది. పంపేటప్పుడు ఫోటో ఇంకా కుంచించుకుపోతుంది. మనకు కావలసిన పట్టుదారాలూ నీలి మెరుపులూ అందులో మిగలవు. కంప్యూటరుకు నేర్పితే చెప్పదా అంటే, మంచి మైక్రోస్కోపు బొమ్మలిస్తే నేర్చుకుంటుంది. కానీ అది చూసినవాటినే గుర్తుపడుతుంది. బెరీలియం కథలో చూశాం కదా, కొత్త పద్ధతి వచ్చిన మొదటి రోజున దాని బొమ్మ ఎవరి దగ్గరా ఉండదు. "ఇదేదో తేడాగా ఉందే" అని అనుమానించే మనిషి అప్పుడూ ఇప్పుడూ అవసరమే.

మరి మనం చేయగలిగిందేమిటి? అన్నిటికంటే ముందు, అడిగే ప్రశ్న మార్చుకుందాం. "ఒరిజినలేనా" బదులు "దీనికి ఏమేం చేశారు, బిల్లు మీద రాసిస్తారా" అని అడగండి. అమెరికాలో ఉన్నవారికి ఇందులో చట్టం అండ ఉంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నగల వ్యాపారానికి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ట్రీట్‌మెంట్ శాశ్వతం కాకపోయినా, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనా, ధర మీద గట్టి ప్రభావం ఉన్నా కొనేవారికి చెప్పాలి. సీసపు గాజు నింపిన రాయిని ఆ సంగతి చెప్పకుండా ఉత్త కెంపు అని అమ్మకూడదని 2018లో సవరించిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

ఖరీదైన రాయి అయితే అమ్మేవారితో సంబంధం లేని పరీక్షశాల నుంచి రిపోర్టు తీసుకోండి. అమెరికాలో, ముంబైలో జీఐఏ ఉంది, జైపూరులో కూడా రత్న పరీక్షశాల ఉంది. రిపోర్టులో "నేచురల్ రూబీ" అన్న మాట చూసి ఆగిపోవద్దు, కిందకు చదవండి. "నో ఇండికేషన్స్ ఆఫ్ హీటింగ్" అంటే వేడిచేసిన గుర్తులు కనబడలేదని. పచ్చలకు "మైనర్, మోడరేట్, సిగ్నిఫికెంట్" అని ఉంటే పగుళ్ళలో నింపినది ఎంత ఉందో చెబుతున్నారన్నమాట. రిపోర్టులో రాసిన బరువు, కొలతలు మీ చేతిలో ఉన్న రాయికి సరిపోతున్నాయా చూసుకోండి. రిపోర్టు నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోండి. రాయిని నగలో బిగించక ముందే పరీక్ష చేయించడం మేలు. వెనక మూసేసిన నగలో వెలుతురు దూరే దారే ఉండదు.

ఒక చిన్న లూప్ కొనుక్కోండి. దానితో మీరు తీర్పు చెప్పలేరు, కానీ గాలిబుడగలు, నీలి మెరుపులు చూసి అనుమానించగలరు. చేతిలో లూప్ ఉన్న మనిషితో అమ్మేవారు మాట్లాడే తీరు కూడా కాస్త మారుతుంది.

అమ్మమ్మగారి నాటి నగలో రాళ్ళు తీసి కొత్త నగ చేయించుకోవాలనుకునేవారు, మంట తగిలించక ముందు ఒకసారి చూపించండి. పాత నగల్లో రాళ్ళు అన్నీ ఒకే కాలానివి కాకపోవచ్చు. మధ్యలో ఎప్పుడో ఊడిపోయిన రాయి స్థానంలో ఏది పెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఒకవేళ అందులో సింథటిక్ కెంపు బయటపడినా బాధపడకండి. ప్రయోగశాల కెంపులు 1900ల తొలి దశాబ్దాల నుంచే బజారులో ఉన్నాయి, ఎందరో పెద్దలు అవే జాతి రాళ్ళని నమ్మి కొనుక్కున్నారు. వారి ప్రేమకు పరీక్షశాలతో పనిలేదు. మనం జాగ్రత్త పడాల్సింది రేపు పిల్లలకు ఇవ్వబోయే రాళ్ళ విషయంలో. ఇచ్చేటప్పుడు పెట్టెలో నగతోపాటు ఆ రిపోర్టు, బిల్లు, "దీన్ని నిమ్మరసంతో కడగొద్దు" అన్న చిన్న చీటీ కూడా పెట్టండి.

మీ సందేహాలుంటే వచ్చే వారం కార్యక్రమంలో ఫోను చేసి అడగండి, తెలిసినంతవరకు చెబుతాను. సెలవు. నమస్కారం.